మే అని రాశారా, వే అని రాశారా?

పోయినసారి గుణింతాల గురించి రాశాను. ఈసారి రాళ్ళ గురించి. ఈ రాళ్ళలోకి కూడా గుణింతాలు వస్తాయి, కంగారు పడకండి. ఎప్పటిలాగే, తప్పులు కనిపిస్తే చెప్పండి, దిద్దుకుంటాను.

మేము ఉండేది ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి నగరానికి ఉత్తరం వైపు. మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక అల్మారా నిండా గుడ్ల అట్టపెట్టెలు ఉన్నాయి. మా ఇంట్లో గుడ్లు వండం. మా ఆయన ఆఫీసులో అందరినీ అడిగి ఆ ఖాళీ పెట్టెలు తెచ్చుకునేవారు. మొత్తం 14 పెట్టెలు, ఒక్కో దానిలో 12 గుంటలు, గుంటకొక రాయి. అంటే 168 శిలాజాలు. శిలాజం అంటే రాయిగా మారిన ప్రాణి, లేదా ప్రాణి రాయిలో వదిలిన గుర్తు. శిల నుంచి వచ్చిన మాట. ఈ మాట నాకు 60 ఏళ్ళు దాటాక తెలిసింది.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈ ఏడు ఇల్లు అమ్మి మా అమ్మాయి దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఆ రాళ్ళు ఏం చెయ్యాలి? "తోటలో పోసెయ్యమ్మా, అందంగా ఉంటాయి" అంది అమ్మాయి. నాకు మనసు ఒప్పలేదు. ఒక మ్యూజియంకి ఫోన్ చేశాను. ఫోన్ తీసినావిడ మర్యాదగానే మాట్లాడింది. ఒకే ఒక ప్రశ్న వేసింది: ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసి ఉందా? రాసి ఉంటే వచ్చి చూస్తాం, లేకపోతే పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి పనికొస్తాయి, అంతే అంది.

రాసి ఉంది. ఆయన ప్రతి రాయి మీదా తెల్ల రంగు చుక్క పెట్టి, దాని మీద నల్ల సిరాతో నంబరు వేశారు. ఆ నంబర్లకు ఒక నోటుపుస్తకం ఉంది. నా చిక్కల్లా ఆ పుస్తకం తెలుగులో ఉండటమే.

నా సంగతి ఈ పేజీ చదివేవాళ్ళకి తెలుసు. నాన్నగారిది రైల్వే ఉద్యోగం, నాలుగేళ్ళకొక ఊరు. నేను చదివింది కాన్వెంట్లలో, రెండో భాష హిందీ. తెలుగు మాట్లాడతాను, చదవడం రాదు. మా ఆయనది పిడుగురాళ్ళ దగ్గర పల్లెటూరు, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదువు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు రాసి అలసిపోయి, తన సొంత పుస్తకం తన భాషలో రాసుకున్నారు. ఆయన ఉన్నప్పుడు ఆ పుస్తకం నేనెప్పుడూ తెరవలేదు. నేను తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టిన అసలు కారణం ఇదే. ఇంతవరకూ ఇక్కడ చెప్పలేదు.

పిడుగురాళ్ళ అంటే సున్నపురాయి ఊరు. సున్నపు బట్టీలకు పేరు. ఆయన చిన్నప్పుడు ఇంటి అరుగు నాపరాయి, గోడలకు సున్నం, తమలపాకు మీద సున్నం. రాయంటే సున్నపురాయే అనుకుంటూ పెరిగారు. కానీ అక్కడి రాయిలో గవ్వ గానీ నత్తగుల్ల గానీ ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసే అవకాశమే లేదు. పల్నాడు, కడప ప్రాంతాల్లో ఆ నాపరాళ్ళు పేరుకునే నాటికి గుల్ల ఉన్న జంతువేదీ భూమ్మీద ఇంకా పుట్టలేదు. మీ అమ్మమ్మగారింట్లో కడప బండలు పరిచి ఉంటే, ఆ బండ లోకంలో మొదటి గుల్ల కన్నా పాతది.

అలాంటి మనిషి 1988లో సిన్సినాటి వచ్చి, ఒక పార్కు గోడ పక్కన నిలబడ్డారు. గోడ సున్నపురాయిదే. అయితే ఆ రాయి మొత్తం గుల్లలే. రాయిలో గుల్లలు ఉన్నాయి అనడం కన్నా, గుల్లలతోనే రాయి అయింది అంటే సరిగ్గా ఉంటుంది. చాలాసేపు అక్కడే నిలబడి చేత్తో తడుముతూ ఉన్నారు. చలి, నేను కారులో కూర్చుని హారన్ కొట్టాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక్కడ ఎందుకలా ఉందో చెబుతాను. సుమారు 45 కోట్ల ఏళ్ళ క్రితం ఈ చోటంతా లోతు లేని వెచ్చని సముద్రం. అప్పట్లో ఈ నేల భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది. డైనోసార్లు రావడానికి ఇంకా 20 కోట్ల ఏళ్ళకు పైగా ఉంది. సముద్రం అడుగున మెత్తని బురద, దాని మీద వెన్నెముక లేని చిన్న చిన్న ప్రాణులు. పెద్ద తుఫాను వస్తే అడుగంతా కెలికి, గుల్లల్ని ఒకచోట కుప్పపోసేది. తుఫాను తగ్గాక మళ్ళీ బురద పేరుకునేది. ఆ గుల్లల కుప్పలు సున్నపురాయి అయ్యాయి, బురద షేల్ అనే మెత్తని మట్టిరాయి అయింది. అందుకే ఇక్కడ కొండను తవ్వితే పుస్తకంలో కాగితాల్లాగ పొరలు కనిపిస్తాయి, ఒకటి గట్టి రాయి, ఒకటి మెత్తని షేల్. వాన పడితే షేల్ కరిగిపోతుంది, లోపలి గుల్లలు కడిగిన బియ్యంలాగ బయట పడతాయి. ఇక్కడ సుత్తి లేకుండానే శిలాజాలు ఏరుకోవచ్చు. కావలసింది వంగే నడుము.

నగరం పెరిగిన కాలంలో జనం కొండల్లోని ఈ రాయినే తవ్వి పునాదులు, గోడలు కట్టుకున్నారు. రాయి తవ్విన ప్రతిచోటా శిలాజాలు. వాటిని చదివింది ఎవరు అన్నది నాకు ఈ పనిలో దొరికిన మంచి కథ.

మొదటివాళ్ళలో ఒకరు జాన్ లాక్. వైద్యుడు, మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. ఒహాయో ప్రభుత్వం మొదటిసారి భూగర్భ సర్వే చేయించినప్పుడు అందులో పనిచేశాడు. ట్రైలోబైట్ అని ఒక ప్రాణి ఉండేది. పైకి పీతకు, జెర్రికి మధ్య రకంలా కనిపిస్తుంది, వీపు మూడు పాయలుగా ఉంటుంది. లాక్ 1838లో చాలా పెద్ద ట్రైలోబైట్ ముక్కను చూసి ఐసోటెలస్ మాక్సిమస్ అని పేరు పెట్టాడు. మాక్సిమస్ అంటే లాటిన్‌లో అన్నిటికన్నా పెద్దది. కొన్నేళ్ళకు ఆయనే దాన్ని మెగిస్టోస్ అని మార్చాడు. అది గ్రీకు, అర్థం మళ్ళీ అన్నిటికన్నా పెద్దదే! శాస్త్రంలో ముందు పెట్టిన పేరే నిలుస్తుందని నియమం, కాబట్టి ఇప్పుడు మళ్ళీ మాక్సిమసే. పాత పుస్తకాలు చదివేవాళ్ళు ఈ రెండు పేర్లూ చూసి రెండు ప్రాణులు అనుకోకూడదు. 1919లో డేటన్ దగ్గర హఫ్‌మన్ డ్యామ్ తవ్వకాల్లో అదే జాతికి చెందిన ఇంకో రకం దొరికింది, దాని పొడవు సుమారు 37 సెంటీమీటర్లు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1985 నుంచి ఐసోటెలస్ ఒహాయో రాష్ట్ర శిలాజం.

లాక్ తర్వాత వచ్చినవాళ్ళను సిన్సినాటి స్కూల్ అంటారు. స్కూల్ అంటే బడి కాదు, ఒక బృందం. వీళ్ళలో ఎక్కువమందికి ఇది జీతం వచ్చే పని కాదు. యు. పి. జేమ్స్ పుస్తకాల వ్యాపారి. ఎస్. ఎ. మిల్లర్ లాయరు, 1889లో ఉత్తర అమెరికా పాత శిలాజాలన్నిటికీ ఒక లావుపాటి జాబితా అచ్చువేశాడు. జాన్ మికిల్‌బరో పంతులు, ట్రైలోబైట్ కాళ్ళ గురించి 1883లోనే రాశాడు. ఆదివారం కొండెక్కడం, సంచీ నింపుకోవడం, రాత్రి దీపం దగ్గర పోల్చి చూసుకోవడం. 1870లో సిన్సినాటి సొసైటీ ఆఫ్ నేచురల్ హిస్టరీ అనే సంఘం పెట్టుకున్నారు, తర్వాత సొంత పత్రిక కూడా. ఒకరి మీద ఒకరు కోపాలు కూడా బాగానే పడ్డారు. ఒకే గుల్లకు ఇద్దరు రెండు పేర్లు పెట్టి, నాదే ముందు అంటే నాదే ముందు అనేవారు. మన గుడి కమిటీలు గుర్తుకొచ్చి నాకు నవ్వొచ్చింది.

వీళ్ళలో నాకు బాగా నచ్చింది చార్లెస్ షూకర్ట్. 1858లో ఇక్కడే పుట్టాడు. తండ్రి ఫర్నిచర్ చేసేవాడు. చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది, ఫర్నిచర్ షాపులో పని. చిన్నప్పటి నుంచి శిలాజాలు ఏరుకున్నాడు. అదే ఊళ్ళో ఎడ్వర్డ్ ఉల్రిక్ అనే ఇంకో కుర్రాడు ఉన్నాడు, అతను కాలేజీలో చేరాడు కానీ ముగించలేదు. ఇద్దరూ స్నేహితులయ్యారు. ఇద్దరూ కలిసి సర్వే పుస్తకాలకు శిలాజాల బొమ్మలు గీసి సంపాదించుకున్నారు. 1889లో న్యూయార్క్ రాష్ట్రంలో పేరున్న శాస్త్రవేత్త జేమ్స్ హాల్, షూకర్ట్‌ను తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. 1904లో ఆ ఆరో తరగతి మనిషి యేల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. ఉల్రిక్ జాతీయ భూగర్భ సర్వేలో చేరాడు.

ఉల్రిక్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా ఆయన పుస్తకంలో మొదటి చిక్కు ఆయన వల్లే విడింది.

పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లో "పగడం" అనే మాట చాలాసార్లు ఉంది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటల్లో అదొకటి, చాలా సంతోషపడ్డాను. తీరా ఆ నంబర్ల రాళ్ళు తీసి చూస్తే, చిటికెన వేలంత కొమ్మలు. పుల్ల విరిచినట్టు ఉన్నాయి. భూతద్దంతో చూస్తే ఒంటి నిండా సూది గుచ్చినట్టు సన్నని చిల్లులు. నిజంగా పగడంలాగే ఉన్నాయి. కానీ కావు.

ఇవి బ్రయోజోవన్లు. ఒక్కో చిల్లులో ఒక్కో సూక్ష్మప్రాణి ఉండేది, అన్నీ కలిసి ఒక అపార్ట్‌మెంట్ లాగ ఆ కొమ్మను కట్టుకున్నాయి. వీటికి దగ్గరి బంధువులు పగడాలు కావు. సిన్సినాటి చుట్టూ ఎక్కువగా కనిపించే శిలాజాల్లో ఇవి ఒకటి. అయినా 19వ శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్ళు వీటిని పగడాలనే అన్నారు. స్కాట్లండ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న నికల్సన్ 1881లో వీటి మీద ఒక పుస్తకమే రాసి పగడాల వైపు వాదించాడు. డిగ్రీ లేని ఉల్రిక్ 1882 నుంచి సిన్సినాటి సొసైటీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు, ఇవి బ్రయోజోవన్లని. ఆయన చేసిన పని బయట చూడటం కాదు. రాయిని పలచగా కోసి, గాజు పలక మీద అంటించి, వెలుతురు అవతలికి కనిపించేదాకా అరగదీసి, మైక్రోస్కోపులో లోపలి గదులు చూశాడు. ఒక్కో రాయినీ నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొయ్యాలి. బయట ఒకేలా కనిపించే కొమ్మలు లోపల వేరు వేరు రకాలని అలా తేలింది. తగువు వెంటనే తెగలేదు. 1912లో ఇండియానా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కమింగ్స్, ఈ కొమ్మలు మొట్టమొదట ఎలా మొలకెత్తుతాయో చూపించి, బ్రయోజోవన్లే అని తేల్చాడు.

మా ఆయనకు ఇదంతా మొదట్లో తెలియదు. చూసినదాన్ని బట్టి పగడం అని రాసుకున్నారు. అంటే నికల్సన్ చేసిన పొరపాటే ఆయనా చేశారు, మంచి తోడే దొరికింది. 2006 నుంచి పుస్తకంలో ఆ మాట మారిపోతుంది. "పగడం" పోయి "జల్లెడ కొమ్మ" వస్తుంది. ఆ పేరు ఆయన సొంతం. అల్మారాలో 1955లో అచ్చయిన ఒక పుస్తకం ఉంది, సిన్సినాటి చుట్టుపక్కల శిలాజాలకు పరిచయం, కాస్టర్, డాల్వే, పోప్ ముగ్గురూ కలిసి రాసింది. బొమ్మలతో పోల్చుకుని పేరు కనుక్కోవచ్చు. ఎలిజబెత్ డాల్వే కూడా ఉద్యోగరీత్యా శాస్త్రవేత్త కాదు. ఆవిడ డ్రై డ్రెడ్జర్స్ అనే సంఘంలో మనిషి. 1942లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న శిలాజ ప్రియుల సంఘం అది. సముద్రం అడుగును దేవేవాళ్ళను డ్రెడ్జర్లంటారు, వీళ్ళు నీళ్ళు లేని సముద్రం అడుగును దేవుతారు కాబట్టి డ్రై డ్రెడ్జర్లు. మా ఆయన ఆ పాత పుస్తకం ఎక్కడో కొన్నారు, అందులో బ్రయోజోవన్ల బొమ్మల పక్కన పెన్సిలుతో ఒక ఆశ్చర్యార్థకం పెట్టారు. అంతే.

ఆయన పెట్టుకున్న ఇంకొన్ని పేర్లు చెబుతాను, నేర్చుకునేవాళ్ళకి పనికొస్తాయి. "విసనకర్ర" అంటే రాఫినెస్క్వినా అనే గుల్ల, పలచగా గీతలతో విప్పిన విసనకర్రలాగే ఉంటుంది. "రోకలిబండ" అంటే ఫ్లెక్సికాలిమీనీ అనే చిన్న ట్రైలోబైట్. మన పెరట్లో రోకలిబండను పుల్లతో ముట్టుకుంటే చుట్టచుట్టుకుంటుంది కదా, ఇది కూడా ప్రమాదం వస్తే అలాగే చుట్టుకునేది, చుట్టుకున్నట్టే రాయి అయింది. "గుండీలు" అంటే క్రైనాయిడ్ల కాడ ముక్కలు, చొక్కా గుండీల్లాగ గుండ్రంగా మధ్యలో చిల్లుతో ఉంటాయి.

విసనకర్ర లాంటి గుల్లల్ని బ్రేకియోపాడ్లు అంటారు. చూడగానే అందరూ ఆల్చిప్ప అంటారు, నేనూ అన్నాను. తేడా గుడి ఆదివారం బడిలో పిల్లలకు ఇలా చెప్పాను. నమస్కారం పెట్టండి. మీ రెండు అరచేతులూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాగ సరిపోతాయి. కానీ ఒక్క చెయ్యి విడిగా చూస్తే ఒక పక్క బొటనవేలు, ఇంకో పక్క చిటికెన వేలు, రెండు వైపులూ సమానం కాదు. ఆల్చిప్ప అలాంటిది. ఇప్పుడు పక్కవాళ్ళ ముఖం చూడండి. ముక్కు మీదుగా గీత గీస్తే కుడి ఎడమలు సమానం. కానీ ముఖం, తల వెనక భాగం ఒకలా ఉండవు. బ్రేకియోపాడ్ అలాంటిది, ఒక్కో చిప్ప కుడి ఎడమలు సమానం, పై చిప్ప కింది చిప్ప వేరు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఇక్కడి రాళ్ళలో బ్రేకియోపాడ్‌కు అసలు గుల్ల మిగిలి ఉంటుంది, ఆల్చిప్పకు సాధారణంగా గుల్ల కరిగిపోయి లోపల నిండిన మట్టి అచ్చు మాత్రం ఉంటుంది. గుల్లలోని సున్నం రకం వేరు కావడమే కారణం.

సరే, అసలు చిక్కుకు వస్తాను.

పుస్తకంలో ప్రతి వరసా ఇలా ఉంటుంది: తేదీ, ఒక అక్షరం, రాళ్ళ నంబర్లు, పేరు. ఆ అక్షరమే చోటు. 87 రాళ్ళకు "ష" అని ఉంది. అది షారన్‌విల్. అక్కడ ట్రామెల్ ఫాసిల్ పార్క్ ఉంది, 10 ఎకరాల కొండవాలు, ఎవరైనా వెళ్ళి ఏరుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇందులో అనుమానం లేదు. మిగిలిన 81 రాళ్ళకు ఉన్న అక్షరం నాకు ఒకసారి "మే" లాగ, ఒకసారి "వే" లాగ కనిపించింది.

మే అయితే మేస్‌విల్. కెంటకీ రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున ఊరు, రోడ్డు కోసం కొండలు కోసిన చోట పొరలు నిలువునా కనిపిస్తాయి. వే అయితే వేన్స్‌విల్. ఒహాయోలోనే సీజర్ క్రీక్ రిజర్వాయర్ పక్క ఊరు. మా ఇంటి నుంచి ఒకటి ఆగ్నేయం, ఒకటి ఈశాన్యం. రెండు చోట్లకీ ఆయన నన్ను తీసుకెళ్ళారు. రెండు చోట్లా నేను కారులోనే కూర్చున్నాను.

మ, వ నేర్చుకుంటున్న మీకు ఈ బాధ తెలిసే ఉంటుంది. వ పక్కన ఒక తోక పెడితే మ. అచ్చులో తేలిక. ఆయన పొలంలో నిలబడి, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, బాల్ పెన్నుతో రాసినప్పుడు ఆ తోక ఉందా లేదా? గుడి వంటశాలలో మాతో పాటు కూరలు తరిగే ఒక పెద్దాయన ఉన్నారు, మేమంతా బాబాయిగారు అంటాం. తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. పులిహోర కలిపి చేతులు కడుక్కున్నాక పుస్తకం చూపించాను.

"ఇది వే అమ్మా, తోక లేదు చూడు" అన్నారు. కింది వరస చూసి, "ఇదీ వే... కాదు, ఉండు, ఇది మే ఏమో" అన్నారు. నాలుగు పేజీలు తిప్పి కళ్ళజోడు తీసేశారు. "చెయ్యి తొందర మనిషిదమ్మా. అక్షరాన్ని బట్టి నేను చెప్పలేను. నువ్వు రాయిని అడుగు."

ఆయన మామూలుగా అన్న మాటే. కానీ నిజంగా రాయిని అడగవచ్చు అని నాకు తర్వాత డ్రై డ్రెడ్జర్స్ సమావేశానికి వెళ్ళినప్పుడు తెలిసింది. అక్కడ ఒక పెద్దాయన ట్రే చూసి, రెండు ఊళ్ళ పేర్లు విని, ఇవి ఒకే కాలం పొరలు కావు కదా అన్నారు.

ఇదీ సిన్సినాటి స్కూల్ వాళ్ళు ఇచ్చిన ఆస్తే. ఏ పొరలో ఏ ప్రాణి ఉంటుంది, ఏది ఉండదు అని వాళ్ళు కొండ కొండకీ ఎక్కి రాసుకున్నారు. 1902లో జాన్ నికిల్స్ అనే ఆయన సిన్సినాటి భూగర్భం మీద రాసిన రచనలో, పొరలకు నగరంలోని పేటల పేర్లు పెట్టాడు, ఫెయిర్‌మౌంట్, కోరీవిల్, మౌంట్ ఆబర్న్ అని. ఇప్పటికీ ఆ పేర్లు వాడతారు. నేను కోరీవిల్ అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళే చోటు అనుకున్నాను, అది సముద్రం అడుగు కూడా. మేస్‌విల్, వేన్స్‌విల్ పేర్లతో కూడా కాలాలు, పొరలు ఉన్నాయి. మేస్‌విల్ దగ్గర రోడ్డు కోతల్లో కనిపించేవి ఎక్కువగా కింది పొరలు, అంటే పాతవి. వేన్స్‌విల్ వైపు ఉన్నవి పైవి, కొత్తవి. ఈ రెంటి మధ్యలో ఒక పెద్ద సంగతి జరిగింది. ఎక్కడో వెచ్చని నీళ్ళలో ఉండే ప్రాణులు కొన్ని ఈ సముద్రంలోకి వలస వచ్చాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని రిచ్‌మండియన్ దండయాత్ర అంటారు, ఇండియానాలో రిచ్‌మండ్ అనే ఊరి పేరు మీద. నాకు దండయాత్ర అనే మాట నచ్చలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చాయి, అంతే కదా.

అలా వచ్చినవాటిలో కొమ్ము పగడం ఒకటి, గ్రూవింకియా దాని పేరు. చిన్న ఆవు కొమ్ములాగ వంగి ఉంటుంది, ఇది నిజమైన పగడమే. ఇంకోటి హిస్కోబెకస్ అనే బ్రేకియోపాడ్, ఉసిరికాయలాగ ఉబ్బి, అంచు రంపపు పళ్ళలాగ ఉంటుంది. ఈ రెండూ కింది పొరల్లో దాదాపు కనిపించవు. అటు కింది పొరల్లో బరువైన, లావైన ఒక బ్రేకియోపాడ్ ఉంటుంది. మా దగ్గరున్న 1955 పుస్తకంలో దాని పేరు ప్లాటిస్ట్రోఫియా పాండెరోసా. 2007లో ఆ పేరు విన్‌ల్యాండోస్ట్రోఫియా అని మారిపోయింది. పాండెరోసా అంటే బరువైనది. వలస వచ్చినవి స్థిరపడే నాటికి అది కనిపించడం మానేస్తుంది.

ఇక పని తేలికయింది. ఆయన ఒక్క రోజులో రెండు చోట్లకీ వెళ్ళలేదు. కాబట్టి ఒక తేదీలో ఒక్క కొమ్ము దొరికితే చాలు, ఆ తేదీ రాళ్ళన్నీ వే. ఒక్క పాండెరోసా దొరికితే ఆ తేదీ అంతా మే. 81 రాళ్ళు, 13 తేదీలు. భోజనాల బల్ల మీద పాత చీర పరిచి 13 కుప్పలు పోశాను.

మొదటి కుప్పలోనే కొమ్ము ఉంది. పుస్తకంలో ఆ నంబరుకు "పగడం" అని రాసి ఉంది. 2004 నాటిది. మొదట్లో ఆయన రాసిన పగడాల్లో నిజంగా పగడం అయినవి కొన్ని ఉన్నాయన్నమాట.

ఇంకో ఆధారం బడిలోని పదేళ్ళ పిల్లవాడు చెప్పాడు. సీజర్ క్రీక్‌లో ఏరుకోవడానికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఆఫీసులో ఉచితంగా పర్మిట్ ఇస్తారు. నియమాలు ఉన్నాయి, పనిముట్లు వాడకూడదు, అరచేతి కన్నా పెద్ద రాయి తీసుకోకూడదు. ఆ పిల్లవాడు వాళ్ళ స్కూలుతో వెళ్ళాడు. అట్టపెట్టె గుంటలో పట్టక పక్కన విడిగా పెట్టిన రెండు పలకలు చూసి, "అమ్మమ్మగారూ, ఇవి అక్కడివి కావు, చేతిలో పట్టవు కదా" అన్నాడు. మా ఆయన నియమం తప్పే మనిషి కాదు. రోడ్డు మీద ఎవరూ లేకపోయినా ఎర్ర లైటు దగ్గర ఆగేవారు. ఆ రెండు పలకలవి రెండు వేరు తేదీలు, ఒక దానిలో పాండెరోసా కూడా ఉంది. రెండూ మే.

మూడు ఆదివారాలు పట్టింది. ఐదు తేదీలు వే అని తేలాయి, 44 రాళ్ళు. నాలుగు తేదీలు మే, 26 రాళ్ళు. మిగిలిన నాలుగు తేదీల్లో ఉన్నవి విసనకర్రలు, గుండీలు, రెండు జల్లెడ కొమ్మలు, ఒక రోకలిబండ. ఇవి రెండు చోట్లా ఉంటాయి. రోకలిబండలో కూడా కింది పొరల రకం, పై పొరల రకం అని భేదం చూస్తారట. మాది సగమే ఉంది, తల అరిగిపోయింది. క్లబ్బు పెద్దాయన భూతద్దం పెట్టి చూసి తిరిగి ఇచ్చేశారు. 11 రాళ్ళు తేలలేదు.

తేలిన తేదీల అక్షరాలతో పోల్చి, తేలని వాటిలో అక్షరం ఏదో చూద్దామని మళ్ళీ పుస్తకం తెరిచాను. ఆయన తోక ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు పెట్టలేదు అని. తేలిన నాలుగు "మే"లలో రెండింటికి తోక ఉంది, రెండింటికి లేదు. దాంతో ఆ దారీ మూసుకుపోయింది. బాబాయిగారు చెప్పలేకపోవడంలో తప్పు లేదు.

ఆ 11 రాళ్ళకు నచ్చిన ఊరు రాసెయ్యవచ్చు, ఎవరికీ తెలియదు అని ఒక సాయంత్రం అనిపించింది. అన్నీ వే అని రాస్తే పెట్టె నిండుగా ఉంటుంది. కానీ పేర్లు ఎన్నిసార్లు మారాయో ఇంతవరకూ మీకు చెప్పాను. పగడం బ్రయోజోవన్ అయింది, మాక్సిమస్ మెగిస్టోసై మళ్ళీ మాక్సిమస్ అయింది, ప్లాటిస్ట్రోఫియా ఇంకేదో అయింది. పేరు తప్పయితే తర్వాతవాళ్ళు రాయి చూసి దిద్దుతారు. చోటు తప్పు రాస్తే దాన్ని దిద్దడానికి రాయిలో ఏ ఆధారమూ ఉండదు, ముఖ్యంగా ఈ 11 రాళ్ళలో.

మ్యూజియం వాళ్ళు వచ్చే నెల మొదటివారంలో వస్తామన్నారు. 168 చీటీలు రాశాను, ఒక వైపు ఇంగ్లీషు, ఒక వైపు తెలుగు. ఇంగ్లీషు వైపు ఇప్పటి శాస్త్రీయ నామం. తెలుగు వైపు ఆయన రాసిన మాట ఉన్నదున్నట్టు, పగడం అని ఉంటే పగడం అనే. 11 చీటీల మీద "మే లేదా వే" అని రాశాను. మ తోక స్పష్టంగా కనిపించాలని రెండుసార్లు దిద్దాను.

రోకలిబండ మాత్రం అమ్మాయి అడిగింది, తనకు కావాలట. దాని చీటీ కూడా ఇస్తే తీసుకుపో అన్నాను. నంబరు 131.